మినహాయింపు - నియమము

ఇంగ్లీషు వ్రాతలలో 'ది ఎక్సెప్షన్ ప్రూవ్స్ ది రూల్' అను పలుకుబడి తరచుగా కానవచ్చును. మినహాయింపు నియమమును రుజువు చేయునని దాని పదార్థము. స్త్రీలకు విజ్ఞానశాస్త్రము అబ్బదని ఒకరందురు. 1903లో భౌతికశాస్త్రమునకును, 1911లో రసాయనశాస్త్రమునకును నోబెల్ బహుమానము నందిన మేరీ క్యూరీ మాటయేమని వేరొకరు అడుగుదురు. "ఆమె మినహాయింపు, మినహాయింపే గదా నియమమునకు రుజువు!" అని మొదటివారు తృప్తిపడుదురు. ఎదురుసాక్ష్యమును తన సాక్ష్యముగా నిలుపుకొనుట వింతవాదము. ఆ పలుకుబడి పుట్టినది ఇందులకు కాదు.

దాని మూలము రోము నగరపు న్యాయస్థానమున నున్నది. నేటి స్పెయిన్ దేశమందలి కాదిజ్ పట్టణమును ఆనాడు గాదెస్ అనెడివారు. అచ్చట పుట్టిన బాల్బుస్ అను నతనికి, యుద్ధమున చేసిన సేవలకుగాను, సేనాని పాంపే క్రీ.పూ. 72లో రోమను పౌరసత్వ మొసగెను. అది చెల్లదని క్రీ.పూ. 56లో అభియోగము వచ్చెను. బాల్బుస్ పక్షమున సిసెరో వాదించెను. రోమునకు కొన్ని జాతులతో గల సంధిపత్రములలో, ఆ జాతులవారిని పౌరులుగా గ్రహింపరాదను నిషేధము స్పష్టముగా నుండెను. సిసెరో దానినే ఆధారముగా గొనెను. కొందరి విషయమున ప్రత్యేకముగా నిషేధము వ్రాసికొనిరనగా, అట్లు వ్రాయనిచోట అనుమతి యున్నట్లే యని ఆయన తర్కము. గాదెస్‌తో జరిగిన సంధిలో అట్టి నిషేధము లేదు. బాల్బుస్ గెలిచెను.

ఈ తర్కమే కాలక్రమమున లాటిన్ న్యాయసూత్రమై, 17వ శతాబ్ది నాటికి ఇంగ్లండులో వాడుకకెక్కినది. మినహాయింపు, మినహాయింపబడని సందర్భములలో నియమమును స్థాపించునని దాని పూర్తి యర్థము. వాడుకలో 'మినహాయింపబడని సందర్భములలో' అను భాగము జారిపోయినది. చిక్కంతయు అచ్చటనే పుట్టినది.

ఒక ప్రదర్శనశాల వాకిట 'శుక్రవారము ప్రవేశము ఉచితము' అను పలక యున్నదనుకొందము. తక్కిన దినములలో రుసుము కలదని వ్రాయకున్నను మనకు తెలియును. బుద్ధిపూర్వకముగా చేసిన మినహాయింపువలన వ్రాయని నియమము బయటపడినది. ఇదియే సరియైన ప్రయోగము. క్యూరీ ప్రతిభ యన్ననో, ఎవరును వ్రాసిపెట్టిన మినహాయింపు కాదు; అది యథార్థవిషయము. సర్వత్ర సత్యమని చెప్పిన మాటకు విరుద్ధమైన దృష్టాంతము ఒక్కటి దొరకినను, ఆ మాటను విడువవలెను, లేదా దిద్దుకొనవలెను.

'ప్రూవ్' అనగా ఇచ్చట పరీక్షించుట యని కొందరు సమర్థింతురు. ఆ పదమునకు పూర్వము అట్టి యర్థము కలదు గాని, ఈ సూత్రపు చరిత్ర దానిని బలపరుపదు. ఫౌలర్ 1926లో వెలువరించిన ఇంగ్లీషు వాడుకల నిఘంటువులో దీని ప్రయోగములను వేరుచేసి, న్యాయార్థమే మూలమని చూపెను.

మన వ్యాకరణవేత్తలు సామాన్యవిధిని ఉత్సర్గమనియు, ప్రత్యేకవిధిని అపవాదమనియు అందురు. అపవాదము తనకు చెందిన చోట ఉత్సర్గమును బాధించును; తక్కినచోట్ల ఉత్సర్గమే చెల్లును. సిసెరో తర్కమును గ్రహించుటకు మనకు ఈ జంట తోడ్పడును.

కావున ఈ పలుకుబడిని వ్రాయబోవునపుడు, ఆ మినహాయింపును ఎవరు, ఏ నియమమునుండి చేసిరని ప్రశ్నించుకొనవలెను. సమాధానము లేనిచో దానిని వ్రాయకుండుటయే మేలు. పరదేశమున పుట్టినవాని హక్కును నిలిపిన తర్కమును, ఇతరుల శక్తిని త్రోసిపుచ్చుటకు వాడుట అన్యాయము. ఆ బాల్బుస్ క్రీ.పూ. 40లో రోమున కాన్సల్ పదవి నధిష్ఠించెను. విదేశమున పుట్టి, పౌరసత్వము పొంది, ఆ పదవి నందినవారిలో ఆతడే మొదటివాడు.