కర్నల్ సి.కె. నాయుడు: ఆంధ్రజట్టు తొలి నాయకుడు

1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన కర్నూలు పట్టణమున ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ప్రధానమంత్రి నెహ్రూ ప్రారంభోత్సవము జరిపిరి. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి పదవిని స్వీకరించిరి. 1937 నాటి శ్రీబాగు ఒడంబడిక మాట నిలిచి రాయలసీమకు రాజధాని లభించినదేగాని, రాజధానికి వలసిన భవనములు లభింపలేదు. తుంగభద్ర యొడ్డున డేరాలు లేచినవి. ఆ డేరాలలోనే కచేరీలు నడచినవి. ఈ కథ సీమవాసులు పెద్దలనోట పలుమారులు విన్నదే. ఆ యేటనే రంగమున కాలిడిన మరియొక దానిని మాత్రము మనలో తలచువారు తక్కువ. అది ఆంధ్ర క్రికెట్ జట్టు.

అంతవరకు కోస్తా జిల్లాల యువకులైనను, సీమ జిల్లాల యువకులైనను మద్రాసు జట్టులో చోటు సంపాదించుకొనవలసినవారే. 1953-54లో ఆంధ్రజట్టు తన పేరిటనే రంజీ ట్రోఫీ పోటీలలో ప్రవేశించెను. ఆ జట్టును నడపుటకు వచ్చిన వ్యక్తి యువకుడు కాడు. రాష్ట్రము పుట్టిన నెల ముగియునాటికి ఆయనకు 58 ఏండ్లు నిండినవి. ఆయన ఆంధ్రదేశమున పుట్టినవాడు కాడు, పెరిగినవాడును కాడు. అయినను తెలుగువాడు. ఆయనయే కర్నల్ కొఠారి కనకయ్య నాయుడు.

తెలుగుదేశము విడిచి మధ్యపరగణాలలో స్థిరపడిన కుటుంబమున, 1895 అక్టోబరు 31వ తేదీన, నాగపురమున నాయుడుగారు జన్మించిరి. తాత నారాయణస్వామినాయుడు నాగపురమున పేరెన్నికగన్న భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావు న్యాయవాది, కేంబ్రిడ్జిలో చదివినవారు. నాగపురపు హిస్లాప్ పాఠశాల మైదానముననే బాలుని చేతికి బ్యాటు అలవడెను.

1916లో బొంబాయి పోటీలలో హిందువుల జట్టు యూరోపియనుల నెదుర్కొనుచుండెను. ఆ దినములలో బొంబాయి క్రికెట్ జట్లు మతమును బట్టి, జాతిని బట్టి యేర్పడెడివి. 79 పరుగులకు 7 వికెట్లు పడిపోయిన తరుణమున నాయుడుగారు మొదటిసారి బరిలో దిగిరి. మూడు బంతులను నెమ్మదిగా అడ్డగించిరి. నాలుగవ బంతిని సిక్సరు కొట్టిరి. ఆపదవేళ ఓపిక పట్టుట, అదను దొరికినంతనే సంకోచింపక కొట్టుట అను రెండు గుణములును ఆ నాలుగు బంతులలోనే వెల్లడియైనవి.

ఇచట శ్రోతలకు ఒక సందేహము కలుగవచ్చును. ఆటయే జీవితముగా గల మనిషికి కూడు పెట్టునదెవరు? అమెరికాలో బేస్‌బాల్ ఆటగాండ్రకు 1869 నుండియే సిన్సినాటి జట్టు బాహాటముగా జీతము లిచ్చుచుండెను. ఇంగ్లండు క్రికెట్‌లో జీతము తీసికొనువారు వేరు, తీసికొననివారు వేరు. ఈ భేదము 1962 వరకు చెల్లినది. మనదేశమున అట్టి సంఘములు లేవు. ఆ భారమును వహించినది సంస్థానములు. 1923లో ఇందూరు హోల్కరు మహారాజు నాయుడుగారిని పిలిపించి తన సైన్యమున ఉద్యోగ మొసగెను. కెప్టెనుగా చేరినవారు కర్నలైరి. ఆయన పేరుకు ముందు మనము పలుకు ‘కర్నల్’ అను మాటకు మూలమిదియే. ఆటగాడు సైనికుని జీతముమీద బ్రతికెను. 1941లో బాత్‌గేట్ కంపెనీవారి లివర్ టానిక్‌కు ఆయన పేరు, బొమ్మ ప్రకటనల కెక్కినవి. వ్యాపారప్రకటనలో నిలిచిన తొలి భారతీయ క్రికెట్ ఆటగాడు ఆయనయే యని చెప్పుదురు.

1926 డిసెంబరు 1వ తేదీ భారత క్రికెట్ చరిత్రలో గురుతుంచుకొనదగినది. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై, బొంబాయి జింఖానా మైదానమున, నాయుడుగారు 116 నిమిషములలో 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లే పదునొకండు. ఒక బంతి జింఖానా పైకప్పుమీద పడెను. ప్రతిపక్షమువారు ముచ్చటపడి వెండి బ్యాటును బహూకరించిరి. పాలకుల ఆటలో పాలితులు వారికి దీటు రాగలరని ఆ మధ్యాహ్నము వేలజనులు కన్నులార చూచిరి. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి యేర్పడెను.

1932లో భారతజట్టు ఇంగ్లండునకు పయనమయ్యెను. నాయకుడు పోర్‌బందరు మహారాజు. ఉపనాయకుడు లింబ్డి రాజకుమారుడు. జట్టును రాజులు నడపవలెననునది నాటి ఆచారము. అయితే లార్డ్స్ మైదానమున తొలి టెస్టు సమీపించినపుడు మహారాజు తన ఆట యెంతటిదో తానెరిగి తప్పుకొనెను. ఉపనాయకుడు ఆడు స్థితిలో లేకపోయెను. అట్లు జూన్ 25వ తేదీన, దేశపు మొట్టమొదటి టెస్టులో, నాయకత్వము నాయుడుగారిని వరించెను. ఇంగ్లండు మొదటి మూడు వికెట్లు 19 పరుగులకే కూలినవి. భారతము చివరకు 158 పరుగులతో ఓడిపోయెను. చేతికి దెబ్బ తగిలియు నాయకుడు చేసిన 40 పరుగులే మొదటి ఇన్నింగ్సులో మనవారి యత్యధిక సంఖ్య. ఆ పర్యటనలో ఆయన 1,618 పరుగులు చేసిరి. ఎడ్జ్‌బాస్టన్ మైదానమున కొట్టిన యొక సిక్సరు రే నదిని దాటెను. బంతి ఒక కౌంటీలో లేచి మరియొక కౌంటీలో పడినదని జనులు వేడుకగా చెప్పుకొనిరి. మరుసటి యేడు విజ్డెన్ వార్షిక గ్రంథము ఆయనను అయిదుగురు మేటి ఆటగాండ్రలో చేర్చెను.

ప్రతిభకు తగిన పీఠము సదా దక్కదు. 1936లో ఇంగ్లండు పర్యటనకు నాయకుడైనది విజయనగర మహారాజకుమారుడు. ఆయనయు తెలుగు సంస్థానపు బిడ్డయే. మూడు టెస్టులలో ఆయన చేసినవి 33 పరుగులు. నాయుడుగారు ఆయన క్రింద ఆడిరి. ఓవల్ మైదానమున తన కడపటి టెస్టులో, అలెన్ విసరిన బంతి దెబ్బకు ఓర్చుకొని 81 పరుగులు చేసిరి. ఏడు టెస్టులు, 350 పరుగులు – లెక్కల పుస్తకమున ఇది స్వల్పముగానే తోచును. మనదేశమునకు టెస్టు హోదా వచ్చునప్పటికే ఆయనకు 36 ఏండ్లని మరువరాదు. ఆయన జీవితకాలమున ఆడిన 207 ప్రథమశ్రేణి ఆటలలో 11,825 పరుగులు, 411 వికెట్లు కలవు.

పిమ్మట హోల్కరు జట్టును నడపుచు 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరములలో రంజీ ట్రోఫీని గెలిపించిరి. 1945-46 తుదిపోటీలో బరోడాపై 200 పరుగులు చేయునాటికి ఆయనకు 50 ఏండ్లు నిండినవి. బొంబాయికి చెందిన ఫాడ్కర్ వేసిన బంతికి పండ్లు రాలినను బరి విడువలేదన్న వృత్తాంతము నేటికిని చెప్పుకొనుచుందురు. తమ్ముడు సి.ఎస్. నాయుడును ఆ జట్టువాడే. 1944-45 తుదిపోటీలో ఆయన ఒక్క ఆటలో 917 బంతులు వేసెను.

ఇంతటి ఘనతతో హోల్కరుకు ట్రోఫీ గెలిచి యిచ్చిన మరుసటి యేడే నాయుడుగారు ఆంధ్రజట్టు నాయకులైరి. ఇది విచారింపదగిన విషయము. గెలిచిన జట్టునుండి ఇంకను నడక నేర్వని జట్టునకు వచ్చిరి. కర్నూలులో డేరాలక్రింద కచేరీ యెట్లో, ఆ జట్టును అట్టిదే: పేరు మనది, పతాకము మనది, వసతి మాత్రము పూజ్యము. అట్టి జట్టునకు ఆయన తేగలిగినది గెలుపు కాదు, నిలుచుటకు ధైర్యము. అటుపిమ్మట ఉత్తరప్రదేశ్ జట్టును నడపిరి; 61 ఏండ్ల వయస్సున వినూ మన్కడ్ వంటివాని బంతులను సిక్సర్లు కొట్టిరి. 1956లో పద్మభూషణ బిరుదు నందిరి. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరున కన్నుమూసిరి.

నాయుడుగారు మనవారని చెప్పుకొనుట మనకు పరిపాటి. అందు తప్పులేదు. కాని మా మనవి యొకటి. ఆయనకు చదువు చెప్పినది నాగపురము. కూడు పెట్టినది ఇందూరు. కీర్తి నిచ్చినది బొంబాయి. మనము ఆయనకిచ్చినది పేరులోని ‘నాయుడు’ మాత్రమే. ఆయనయో, మనకు ముదిమిలో ఒక నాయకత్వము నిచ్చిపోయిరి. ఈ లెక్కలో బాకీపడినది మనమే. రక్తసంబంధముచేత ఒకరు మనవారగుట సులభము. ఆడుకొనుటకు నేల చూపించి మనవారిని చేసికొనుట కష్టము. ఆ బాకీ ఆయనకు తీర్చలేము. వెనుకవచ్చు పిల్లలకు తీర్చవలెను.

ఆకాశవాణిలో పనిచేయు మాకు మరియొక సంగతియు ప్రీతిపాత్రము. నాయుడుగారి కుమార్తె చంద్రానాయుడు 1977లో మైక్రోఫోను ముందు కూర్చుండి, మనదేశమున క్రికెట్ వ్యాఖ్యానము చెప్పిన తొలి మహిళగా పేరొందిరి. తండ్రి బ్యాటుతో చెప్పినదానిని బిడ్డ మాటతో చెప్పెను.

రాజధాని 1956లో కర్నూలును వీడి హైదరాబాదు చేరెను. డేరాలు పోయినవి, ఆట మిగిలెను. 2025 నవంబరు 2వ తేదీన నవీ ముంబాయిలో మహిళల ప్రపంచ కప్పును గెలిచిన భారతజట్టులో కడప జిల్లా ఎర్రమల్లె గ్రామపు శ్రీచరణి యుండెను. ఎడమచేతితో బంతి త్రిప్పు ఆ యువతి నాగపురమున పుట్టలేదు. మన మెట్టనేలమీదనే పుట్టెను. ఆమెను మనదని చెప్పుకొనుటకు మనకు కొంత హక్కు గలదు. ఆ హక్కు నిలుచుట, ఊరి చివర చదునుచేసిన ఒక్కొక్క మైదానముమీద ఆధారపడియుండును.