ఓదార్పు – మన ఆత్మకూరు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర రాయమన్నారు. గుళ్లు, కోటల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను 'ఓదార్పు' అన్న ఒక్క మాట గురించి రాస్తాను. అది రాష్ట్రమంతా మారుమోగింది మన ఆత్మకూరు పక్కనుంచే గదా!

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు రచ్చబండ కార్యక్రమానికి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరారు. వాన, దట్టమైన మబ్బు. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర హెలికాప్టరు కూలిపోయింది. మరునాటికి గాని జాడ తెలియలేదు.

పోయినవారు ఐదుగురు. ముఖ్యమంత్రి గారు కాక కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, ముఖ్య భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్లు ఎస్.కె. భాటియా, ఎం.ఎస్. రెడ్డి. ఈ నలుగురూ డ్యూటీలో ఉండి పోయినవారే. ఉద్యోగం చేసి రిటైరైన మనం వీరి పేర్లు గుర్తుపెట్టుకోకపోతే ఎవరు పెట్టుకుంటారు? ఈ ప్రశ్న నన్ను నేటికీ వదలదు.

ఆ నెలలోనే ఆత్మకూరు మండలం నల్లకాలువలో సంతాప సభ జరిగింది. తండ్రి మరణవార్త తట్టుకోలేక చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి పరామర్శిస్తానని జగన్‌మోహన్ రెడ్డి గారు ఆ సభలో చెప్పారు. 2010 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరిలో ఓదార్పు యాత్ర మొదలైంది. తరువాతి రాజకీయం అందరికీ తెలిసినదే, దాని జోలికి నేను పోను. నల్లకాలువ దగ్గరే స్మృతివనం వెలిసింది. 2022 నుంచి ఇదంతా నంద్యాల జిల్లా.

యాత్ర పేరు కొత్తదైనా పద్ధతి పాతదే. మన సీమలో దీన్ని 'పలకరించను పోవడం' అంటాము. శవం లేచేదాకా ఆ ఇంట పొయ్యి వెలిగించరు, అన్నం ఇరుగుపొరుగు తెస్తారు. వచ్చినవారు ఎక్కువ మాట్లాడరు. "ఎట్లా జరిగిందమ్మా?" అని ఒక్క మాట అడిగి, చెప్పింది వింటారు. అదే సంగతి ఆ ఇల్లాలు పదిమందికి పదిసార్లు చెబుతుంది. చెప్పిన కొద్దీ గుండె బరువు కొంత దిగుతుంది. లేచేటప్పుడు "పోయొస్తాము" అనరు, ఊరకే లేచి వెళ్తారు.

మన సంఘాలలో రెండు నిమిషాల మౌనం, సంతాప తీర్మానం, దాని నకలు పోస్టులో పంపడం ఆనవాయితీ. మంచిదే. కాని ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు పట్టుకొని ఎవరైనా ఒకరు వెళ్లి, సంతకాలు ఎక్కడెక్కడ పెట్టాలో చూపించి, ఇంకో గంట కూర్చొని వస్తే ఆ ఇంటివారు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.