'ప్రవీణ' శబ్దం: వ్యుత్పత్తి, రూఢి, ప్రయోగం

ఉపోద్ఘాతం

కళలో అసాధారణ నైపుణ్యాన్ని సూచించే తత్సమాలలో ప్రవీణ, కుశల, నిష్ణాత శబ్దాలు ముఖ్యమైనవి. అమరకోశం వీటిని ఒకే పర్యాయవర్గంలో చేర్చింది. అర్థం ఒకటే అయినా, ఇవి పుట్టిన పనులు వేరు.

వ్యుత్పత్తి

సంప్రదాయ వ్యుత్పత్తి ప్రకారం ప్రవీణుడంటే వీణావాదనంలో ప్రకర్ష కలవాడు. కుశలుడంటే కుశలను, అనగా దర్భలను, తెచ్చేవాడు. దర్భ అంచు పదునైనది. చేయి తెగకుండా దానిని గ్రహించడానికి వివేచన కావాలి. నిష్ణాత శబ్దంలో ఉన్నది స్నానార్థకమైన 'స్నా' ధాతువు. కౌశలం అనే అర్థంలోనే ఇక్కడ సకారానికి షకారం వస్తుందని పాణిని (8.3.89) నియమించాడు. మునిగి స్నానమాడినవాడు క్రమంగా విద్యలో ఆరితేరినవాడయ్యాడు.

ఆలంకారికుల చర్చ

11వ శతాబ్దికి చెందిన మమ్మటుడు కావ్యప్రకాశంలో 'కుశల' శబ్దాన్ని రూఢిలక్షణకు ఉదాహరణగా చూపాడు. పనిలో కుశలుడన్నప్పుడు దర్భలు తేవడమనే ముఖ్యార్థం పొసగదు. వివేచకత్వమనే సంబంధం వల్ల నేర్పరి అనే అర్థం వస్తుంది. 14వ శతాబ్దిలో సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు దీనిని అంగీకరించలేదు. వ్యుత్పత్తికి నిమిత్తం వేరు, ప్రయోగానికి నిమిత్తం వేరని ఆయన వాదం. వ్యుత్పత్తినే ముఖ్యార్థంగా తీసుకుంటే, గమనార్థక ధాతువు నుండి పుట్టిన 'గో' శబ్దాన్ని పడుకుని ఉన్న ఆవుకు వాడినా లక్షణే చెప్పుకోవలసి వస్తుంది.

తెలుగులో ప్రయోగం

ప్రాచ్యవిద్యాపరీక్షలలో నెగ్గిన తెలుగు పండితులకు 'భాషాప్రవీణ' పట్టం లభించేది. వీణ ముట్టనివారికి ఆ పేరు ఎలా చెల్లుతుందని ఎవరూ శంకించలేదు. 'కుశలమా?' అని అడిగేవారికీ దర్భలు స్ఫురించవు. ఈ ప్రయోగాలు విశ్వనాథుని పక్షాన్నే బలపరుస్తున్నాయి.

ఇటాలియన్ 'విర్చువోసో' శబ్దం ఇందుకు ఎదురు దిశలో నడిచింది. లాటిన్ 'విర్టుస్' (పౌరుషం, శ్రేష్ఠత) నుండి వచ్చిన ఆ పదం మొదట ఏ విద్యలోనైనా శ్రేష్ఠుడైనవానికి చెల్లి, తరువాత ప్రధానంగా సంగీతకారునికి పరిమితమైంది. ప్రవీణ శబ్దం సంగీతం నుండి సకలవిద్యలకు విస్తరించింది. ఒకటి అర్థసంకోచం, మరొకటి అర్థవ్యాకోచం.

ముగింపు

వక్త ఏమి ఉద్దేశించాడన్న ప్రశ్నకు విశ్వనాథుని సమాధానం సరిపోతుంది. ఆ పదానికి ఆ అర్థం ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్నకు మమ్మటుడు చూపిన సంబంధమే ఆధారం. నైపుణ్యవాచకాల చరిత్రను రాసేవారు ఈ రెండు ప్రశ్నలను కలపకూడదు. కలిపితే వ్యుత్పత్తిని నేటి అర్థంగా పొరబడడమో, నేటి అర్థాన్నే మూలార్థమని భ్రమించడమో జరుగుతుంది.