హిట్టు కాని పాటలు

"సినిమా పోయింది గానీ, పాటలు మాత్రం ఎంత బాగుండేవో!"

ఈ మాట మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. "పిల్ల చక్కనిదే, జాతకమే కుదరలేదు" అన్నట్టుంటుందిది. తప్పు పిల్లదీ కాదు, పాటదీ కాదు. మూల కూర్చోవలసింది మాత్రం వాళ్ళే. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదేనేమో!

అసలు ఒక పాట హిట్టయిందని ఎవరు తేల్చాలి? ఇంగ్లండులో 1952 నవంబరులో ఒక సంగీత పత్రిక రికార్డుల అమ్మకాలను బట్టి పాటలకు వరస నంబర్లు వెయ్యడం మొదలుపెట్టింది. ఆ మరుసటి నెలలోనే సిలోన్ రేడియోలో అమీన్ సయానీ గొంతుతో 'బినాకా గీత్‌మాలా' మొదలయింది. ఇక చూడండి, టూత్‌పేస్టు అమ్ముకునే కంపెనీ వారి పుణ్యమా అని ప్రతి బుధవారం రాత్రీ హిందీ పాటలకు పరీక్ష ఫలితాలు వచ్చేవి!

ఫలితాలన్నీ న్యాయంగా ఉంటాయని మాత్రం అనుకోకండి. 1967లో బీటిల్స్ వాళ్ళు 'పెన్నీ లేన్', 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' అనే రెండు పాటలు ఒకే రికార్డుకు రెండు వైపులా ఇచ్చారు. ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న ఆ పాటలు సొంత ఊళ్ళో, అక్కడి ముఖ్యమైన పట్టికలో, రెండో మెట్టు దగ్గరే ఆగిపోయాయి. మొదటి మెట్టు మీద ఇంకెవరిదో పాట కదలకుండా కూర్చుంది మరి.

మన తెలుగు పాటకు ఆ రోజుల్లో అలాంటి పట్టిక కూడా లేదు. సినిమా ఎన్ని వారాలు ఆడిందన్నదే పట్టిక. వందరోజుల పండగ జరిగితే పాట హిట్టు. రెండో వారానికే గోడ మీద ఇంకో పోస్టరు అంటిస్తే, పాట కూడా దాని కిందే.

పట్నాల్లో ఉన్నవాళ్ళ సంగతి సరే. మా నారాయణఖేడ్ లాంటి చోట ఎలా ఉంటుందో ఆలోచించండి. ఈ తాలూకా 1956 నవంబరు ఒకటి దాకా బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు మారినప్పుడు మెదక్ జిల్లాలో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లాకు వచ్చింది. ఊరు ఉన్న చోటనే ఉంది, చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ చెవిన పడే సరిహద్దు నేల. పట్నంలో బాగా ఆడిన సినిమా చిన్న ఊళ్ళకు చేరేసరికే రీళ్ళు అరిగిపోయేవి. ఇక పట్నంలోనే ఆడని సినిమా ఇటు తొంగి చూస్తుందా?

సినిమా రాకపోయినా పాట వచ్చేది. దానికి టికెట్టు లేదు, బస్సు ఛార్జీ లేదు, "ఇంటి పనంతా ఎవరు చేస్తారు?" అనే ప్రశ్న లేదు. అలమర మీది రేడియో చాలు.

అయితే ఆ రేడియోకీ ఒక అడ్డు పడింది. ఆ 1952లోనే కేంద్రంలో సమాచార మంత్రి అయిన కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతం వినిపించి జనం అభిరుచి బాగుచేద్దామనుకున్నారు. ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మూగబోయింది. జనం తక్కువ తిన్నారా? ముల్లు సిలోన్ వైపు తిప్పుకున్నారు! తర్వాతి కాలంలో మీనాక్షీ పొన్నుదురై గారు అక్కణ్ణించి తెలుగు పాటలు వినిపిస్తుంటే, ఆమె మన పక్కింటావిడే అన్నంత చనువు ఏర్పడింది. చివరికి 1957 అక్టోబరు 3న 'వివిధ భారతి' పెట్టి, ప్రభుత్వమే సినిమా పాటను మళ్ళీ ఇంట్లోకి పిలిచింది.

ఈ రేడియో వల్ల బతికి బట్టకట్టిన పాటల్లో నాకు ముందు గుర్తొచ్చేది 'వాగ్దానం' లోది. 1961 నాటి సినిమా. శరత్‌బాబు నవల 'దత్త' ఆధారం. శరత్ అంటే మన ఆడవాళ్ళకు బెంగాలీ రచయిత కాదు, మేనమామ! హీరో నాగేశ్వరరావు, సంగీతం పెండ్యాల, దర్శకుడు సాక్షాత్తూ ఆత్రేయ. ఇన్ని ఉన్నా సినిమా నిలబడలేదు. ఆత్రేయ మళ్ళీ దర్శకత్వం జోలికి పోలేదు.

అందులో 'నా కంటిపాపలో నిలిచిపోరా' అనే పాట దాశరథిది. నిజాం కాలంలో జైలుకెళ్ళి వచ్చిన తెలంగాణ కవి సినిమాకు రాసిన తొలి పాటల్లో ఒకటి. అదే ఏడు చివర్లో 'ఇద్దరు మిత్రులు' వచ్చింది. అక్కడా హీరో నాగేశ్వరరావే, అక్కడా దాశరథి పాటలున్నాయి. ఆ సినిమా బ్రహ్మాండంగా ఆడింది, అందులోని 'ఖుషీ ఖుషీగా' ఊరూరా మోగింది. కవి ఒకరే, హీరో ఒకరే, సంవత్సరం ఒకటే. ఒక పాట పల్లకీ ఎక్కింది, ఇంకోటి కాలినడకన వచ్చింది. కానీ ఘంటసాల, సుశీల కలిసి పాడిన ఆ కాలినడక పాట మెల్లగా నడిచి నడిచి అరవై ఏళ్ళు దాటినా ఇంకా వస్తూనే ఉంది!

అదే సినిమాలో సీతా కళ్యాణం హరికథ ఉంది. ఘంటసాల పాడగా తెర మీద రేలంగి చెప్పారు. రాసిందెవరనుకున్నారు? మహాప్రస్థానం రాసిన శ్రీశ్రీ! శ్రీరామనవమి పందిట్లో మైకులో అది వింటూ వడపప్పు పంచేవాళ్ళలో, అది ఎర్రజెండా కవిగారి రచన అని తెలిసినవాళ్ళెందరు?

ఇక రెండోది 'రహస్యం'. 1963లో 'లవకుశ' తీసి కాసులతో పాటు కీర్తీ గడించిన లలితా శివజ్యోతి సంస్థ వారే 1967లో దీన్నీ తీశారు. సంగీతం ఘంటసాల, దర్శకుడు వేదాంతం రాఘవయ్య, మళ్ళీ నాగేశ్వరరావే. డబ్బు నీళ్ళలా పోసినా సినిమా పోయింది. ఇందులోని 'గిరిజా కళ్యాణం' కూచిపూడి యక్షగానం సినిమా పాటల్లో తలమానికమని సంగీతం తెలిసినవాళ్ళు ఈనాటికీ అంటారు. దాన్ని రాసిన మల్లాది రామకృష్ణశాస్త్రి గారు 1965లోనే పోయారు. తన పాట తెర మీద చూడనేలేదు. పోనీలెండి, ఖాళీ కుర్చీలు కూడా చూడలేదు.

ఆయనే రాసిన ఇంకో పాట ఆ సినిమాలో ఉంది, 'శ్రీ లలితా శివజ్యోతి'. ఇప్పుడర్థమయిందా? నవరాత్రుల్లో అమ్మవారికి హారతిస్తూ మనం పాడుకునేదే. ఓ దసరాకి మా వాడకట్టులో అందరం ఒకచోట చేరి అది పాడుకున్నాక, ఇది ఫలానా సినిమాలోది అన్నాను. పక్కింటి వదిన హారతి పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"గది సిన్మా పాటనా వదినా? మా అత్తమ్మ కాలం నుంచి వస్తున్న దేవుని పాట అనుకుంటి గద!" అంది.

ఆమె అన్నది తప్పా? నాకైతే ఆ పాటకు అంతకు మించిన బిరుదు లేదనిపించింది. బయట బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే పాటలకు మాత్రం ఏ కంపెనీ నంబరు వేసింది? తల్లి పాడితే బిడ్డ నేర్చుకుంది, అంతే. సినిమాహాలు తిప్పి పంపిన పాటను ఆడవాళ్ళు దేవుడి గదిలో చోటిచ్చి కాపాడుకున్నారు. అయితే ఈ కాపాడుకోవడంలో ఒకటి మాత్రం జారిపోయింది, కవి పేరు. పాట మనదైపోయింది, మల్లాది వారు పరాయివారయ్యారు.

ఈ రెండింటికీ కనీసం ఒక సినిమా పేరైనా ఉంది. అదీ లేని పాటలున్నాయి, రేడియో లలిత సంగీతం. మద్రాసు కేంద్రం 1938లో, బెజవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. నిజాం వారి దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాదు అయింది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు రాసి, వరసలు కట్టినవి, రావు బాలసరస్వతీదేవి గారు పాడినవి, 'ఈ మాసపు పాట' అంటూ నెల పొడుగునా వినిపించినవి ఎన్ని! ఆ పాట కోసం పెన్సిలూ నోటుబుక్కూ పట్టుకుని కూర్చున్నవాళ్ళు మీలో ఉండే ఉంటారు. మొదటి వారం పల్లవి దొరికేది, రెండో చరణంలో ఒక మాట జారేది, మళ్ళీ వారం దాకా అక్కడ చుక్కలు!

వీటిలో రికార్డు ఎక్కినవి నిలిచాయి. కరుణశ్రీ 'పుష్పవిలాపం' ఘంటసాల గొంతులో ఇంటింటికీ చేరిందంటే సినిమా వల్ల కాదు, గ్రామఫోను పళ్ళెం వల్ల. ఆ అదృష్టం లేని పాటల్లో ఎన్నో స్టూడియోలో అప్పటికప్పుడు పాడి గాలిలో కలిసిపోయినవే. రేడియో తొలిరోజుల్లో పాటంటే అంతే, విన్నవాళ్ళు విన్నారు. ఇప్పుడు వేలితో తాకితే సెల్లులో ప్రపంచంలోని పాటలన్నీ పలుకుతాయంటారు. ఎవరూ పట్టి ఉంచని పాట అందులో మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

దొరికితే ఒక్కచోటే దొరకాలి. అట్టలూడిన మీ నోటుబుక్కులో, లేదా కందిపప్పు ఏరుతూ కూనిరాగం తీసే అమ్మమ్మ గొంతులో. అందుకని ఒక చిన్న పని చేద్దాం. ఈసారి ఆ పుస్తకం తీసినప్పుడు ప్రతి పాట కిందా తెలిసినంత వరకు రాసినవారి పేరు, వరస కట్టినవారి పేరు, పాడినవారి పేరు రాసి పెట్టండి. తర్వాత మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వరస నేర్పండి. వరస కాగితం మీద నిలవదు కదా!

హిట్టు చెయ్యడం మన చేతిలో లేకపోయింది. పేరు నిలపడం మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంది.