వసీయత్‌లో మూడో వంతు

చదువుకున్న యూనివర్సిటీకి తన తదనంతరం ఇంత చెందాలని వీలునామాలో రాసిపెట్టడాన్ని ఇప్పుడు ‘లెగసీ గిఫ్ట్’ అంటున్నారు. అమెరికా నుంచి వచ్చిన రివాజు అనుకునేవాళ్లూ ఉన్నారు. మనకిది పాత సంగతే. మనిషి పోయాక కూడా సవాబు అందుతూ ఉండే దానాన్ని సదఖా ఎ జారియా అంటాం. కఫన్ దఫన్ ఖర్చులు, అప్పులు తీరాక మిగిలిన ఆస్తిలో మూడో వంతు దాకా మంచి పనికి వసీయత్ చేసే ఇఖ్తియార్ షరియత్ ఇచ్చింది. మిగతాది వారసుల హక్కు. దారి ఉంది. నడిచేవాళ్లే తక్కువ.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ అలీగఢ్ గుర్తొస్తుంది. 1875లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ పెట్టిన మదర్సా 1877లో పునాదిరాయి పడి కాలేజీ అయింది, 1920లో యూనివర్సిటీ అయింది. అదంతా చందాల మీదే లేచింది. ఆయన లాటరీ నడిపారు, ముసలితనంలో స్టేజీ కూడా ఎక్కారు. మన హైదరాబాద్ నుంచి మొదటి సాలార్‌జంగ్ మదద్ చేశారు. ముస్లిములే కాదు, హిందూ రాజాలూ ఇచ్చారు. ఇచ్చినవాళ్ల పేర్లు అక్కడి గోడల మీద చెక్కి ఉన్నాయి.

అది నవాబుల, పెద్దల సొమ్ము. చదువుకున్న పిల్లల వంతు 1890లో మొదలైంది. సాహిబ్‌జాదా అఫ్తాబ్ అహ్మద్ ఖాన్ అనే యువకుడు ‘డ్యూటీ సొసైటీ’ పెట్టాడు. ఉర్దూలో అంజుమన్ అల్ ఫర్జ్. పేరులోనే ఫర్జ్ ఉంది, ఖైరాత్ లేదు. బీద తాలిబె ఇల్ములకు ఫీజు కట్టడానికి చందాలు పోగుచేయడం దాని పని. అఫ్తాబ్ ఇంగ్లండ్ వెళ్లి బారిస్టరై తిరిగొచ్చి అలీగఢ్‌లోనే ప్రాక్టీసు పెట్టారు. 1924లో అదే యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

కాలేజీలో లా చదివిన షేక్ అబ్దుల్లా ఇంకో దారి పట్టారు. తనకు ఇల్మ్ ఇచ్చిన ఊళ్లో ఆడపిల్లలకు తాలీమ్ లేదని గమనించారు. 1906లో బేగం వహీద్ జహాన్‌తో కలిసి బాలికల స్కూలు తెరిచారు. ఇంటా బయటా ముఖాలిఫత్ ఎదురైనా భోపాల్ బేగం సుల్తాన్ జహాన్ అండ దొరికింది. ఆ స్కూలే తర్వాత విమెన్స్ కాలేజీ అయింది. వాళ్ల కూతురు ముంతాజ్ జహాన్ దానికి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఒక ఇంటి రెండు తరాల జిందగీయే ఇక్కడ కానుక.

1920లో జామియా మిల్లియా పుట్టినప్పుడు అలీగఢ్ కాలేజీని వదిలి వచ్చినవాళ్లలో హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ ఒకరు. జామియా దగ్గర జీతాలకు పైసల్లేని జమానాలో ఆయనా, సాథీలూ నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా ఇరవై ఏళ్లు పనిచేస్తామని అహద్ చేశారు. తర్వాత రాష్ట్రపతి అయిన ఆయన 1969లో దఫన్ అయింది కూడా జామియా ఆవరణలోనే.

అలీగఢ్‌లోనే చదివిన రాజా మహేంద్ర ప్రతాప్ భూమి కథ వేరు. అందులో సుమారు మూడెకరాలు 1929లో ఏడాదికి రెండు రూపాయల కౌలుకు తొంభై ఏళ్లపాటు యూనివర్సిటీకి దక్కాయి. దిల్ పెద్దదే, కానీ కాగితం మీద అది లీజు. 2019లో గడువు తీరింది, ఆ నేల ఎవరిదన్న బహస్ లేచింది. లీజుకు ముద్దత్ ఉంటుంది, వక్ఫ్‌కు ఉండదు. ఇచ్చేవాడి నియ్యత్ ఎంత ముఖ్యమో, రాత కూడా అంతే ముఖ్యం.

మన దగ్గర పూర్వ విద్యార్థుల జల్సాలకు కొదవలేదు. శాలువాలు, మెమెంటోలు, దమ్ బిర్యానీ, గ్రూప్ ఫొటో. ఎవరైనా గుజర్ గయే అంటే వాట్సాప్ నిండా ఇన్నాలిల్లాహ్. నలభయ్యో రోజున దావత్. అదే ఖర్చుతో ఒక ఆడపిల్ల డిగ్రీలో ఏడాది గడుస్తుంది. ఉర్దూ మీడియంలో పది దాకా చదివి, ఆపై ఫీజు దగ్గర ఆగిపోయే పిల్లల్ని నేను రిపోర్టింగ్‌లో చాలామందిని చూశాను. వాళ్లకు కావలసింది నవాబు కాదు. రిటైరైన ఓ మాస్టర్ సాబ్ వసీయత్‌లో మూడో వంతు కాకపోతే ముప్పయ్యో వంతు చాలు.

రాసేటప్పుడు ఇంత మొత్తం, ఫలానా కాలేజీకి, ఫలానా పనికి అని సాఫ్‌గా రాయండి. ఇద్దరు గవాహీల చేత సంతకం పెట్టించండి. ముఖ్యంగా, ఔలాద్‌ను కూర్చోబెట్టి మీరుండగానే ఆ మాట చెప్పండి. మీ తర్వాత దాన్ని చేతులారా ఇవ్వాల్సింది వాళ్లే.