రాయికి దారి చూపిన అణువు

అమలాపురం, రాజోలు ప్రాంతాల్లో రొయ్యల చెరువు గట్టు మీద కనిపించే బస్తాలన్నీ మేత బస్తాలు కావు. కొన్నింట్లో జియోలైట్ పొడి ఉంటుంది. మిగిలిపోయిన మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెరిగినప్పుడు రైతులు దాన్ని చల్లుతారు. అందులోని అతిసూక్ష్మ రంధ్రాలు అమ్మోనియం అయాన్లను పట్టి ఉంచుతాయి. అయితే ఉప్పునీటిలో ఆ చోటు కోసం సోడియం పోటీకి వస్తుంది, పొడి పట్టు తగ్గిపోతుంది. బస్తా కొనే ముందే చెరువు ఉప్పదనం చూసుకోవడం అందుకే ముఖ్యం.

ఈ ఖనిజానికి 1756లో పేరు పెట్టినవాడు స్వీడన్ శాస్త్రవేత్త క్రోన్‌స్టెడ్. అగ్నిపర్వత శిలల్లో, బూడిద పొరల్లో నేల తనంతట తానే దీన్ని తయారు చేసుకుంటుంది. పుణె, నాసిక్ వైపు దక్కన్ రాళ్ల గూళ్లలో అందమైన జియోలైట్ స్ఫటికాలు దొరుకుతాయి.

నేల ఇచ్చిన రంధ్రంతో సరిపెట్టుకోకుండా, కావలసిన రంధ్రాన్ని చేసుకోవడం ఎలా? 1940లలో బ్రిటన్‌లో రిచర్డ్ బారర్ కృత్రిమ జియోలైట్ల తయారీకి పునాది వేశాడు. అప్పటికి ఆధారం సోడియం వంటి లోహ అయాన్లే. 1961లో బారర్, డెనీ కలిసి టెట్రామిథైల్ అమ్మోనియం అనే సేంద్రియ అయాన్‌ను వాడి చూశారు. అది పెద్దది కావడంతో స్ఫటికంలో ఎక్కువ అయాన్లు ఇమడవు. అందువల్ల అల్యూమినియం తగ్గి, సిలికా పెరిగి, వేడికి బాగా తట్టుకునే పదార్థం వచ్చింది.

అసలు మలుపు 1972లో. మోబిల్ సంస్థకు చెందిన ఆర్గౌర్, లాండోల్ట్‌ల జెడ్‌ఎస్‌ఎం-5 అనే కృత్రిమ జియోలైట్ పేటెంట్ ఆ ఏడాదే వచ్చింది. అందులో దారి చూపింది టెట్రాప్రొపైల్ అమ్మోనియం: నడుమ ఒక నైట్రోజన్, చుట్టూ మూడేసి కార్బన్ల నాలుగు చేతులు. చుట్టూ సిలికా అల్లుకుంటుంటే ఆ అణువు సరిగ్గా కాలువల కూడలిలో కూర్చుంటుంది, ఒక్కో చేయి ఒక్కో కాలువలోకి చాచుకుంటుంది. స్ఫటికం పెరిగాక బయటికి రావడానికి దానికి దారి ఉండదు. కంచు పోతలో మైనాన్ని కరిగించి తీసినట్టు, దాదాపు 550 డిగ్రీల వేడిలో గాలి తగలనిచ్చి దాన్ని కాల్చేస్తారు. మిగిలిన కాలువ వెడల్పు సుమారు 0.55 నానోమీటర్లు. సన్నని పారాజైలీన్ అందులోంచి సులువుగా జారిపోతుంది, దాని తోబుట్టువులైన మిగతా జైలీన్లు ఇరుక్కుంటాయి. ఆ పారాజైలీన్ నుంచే పాలిస్టర్ గుడ్డలూ నీళ్ల సీసాలూ వస్తాయి.

హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అంటే ఐఐసీటీ, ఈ జెడ్‌ఎస్‌ఎం-5ను మందుల పరిశ్రమకు పనికొచ్చేలా మలిచే ప్రయత్నం చేసింది. 1985 నుంచి 1995 దాకా సంస్థను నడిపిన ఎ.వి.రామారావు, ఆయన సహచరులు దానికి మార్పులు చేసి పిరిడిన్, పికోలిన్‌ల తయారీపై పరిశోధనలు ప్రచురించారు. మందులకూ పురుగుమందులకూ అవి ముడిసరుకు. తెలుగునాట రసాయన పరిశోధనలో గర్వించదగ్గ అధ్యాయమిది.

ఇలా దారి చూపే ఖరీదైన సేంద్రియ అణువును ప్రతిసారీ బూడిద చేయడం మాత్రం మింగుడుపడని ఖర్చే. కాలిఫోర్నియాకు చెందిన మార్క్ డేవిస్ బృందం 2003లో దానికో దారి కనిపెట్టింది: స్ఫటికం లోపలే అలాంటి ఒక అణువును రెండు ముక్కలుగా విడగొట్టి, ముక్కలను బయటికి తీసి, మళ్లీ అతికించి వాడుకోవచ్చని చూపింది.