నిప్పు వాడకం: ఆనవాళ్లను ఎలా చదవాలి?

మానవ పూర్వీకులు నిప్పును ఎప్పటి నుంచి వాడారు? పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఒకే ఒక అంకె రాసి ఊరుకోకండి. బూడిద దొరికిన ప్రతిచోటా పొయ్యి ఉండేదని కాదు. పిడుగు పడి అడవి తగలబడినా బూడిద, బొగ్గు మిగులుతాయి.

మీరు ఎల్లారెడ్డిపేట వైపు వారైతే, కోతల తర్వాత వరి కొయ్యకాళ్లు కాల్చిన మడిని చూసే ఉంటారు. మంట గబగబా సాగిపోతుంది, నేల పైపైన నల్లబడుతుంది. కట్టెల పొయ్యి కింది మట్టి అలా ఉండదు. ఒకే చోట రోజూ కాలి, లోపలి దాకా ఎర్రబడి గట్టిపడుతుంది. పురావస్తు శాస్త్రవేత్తలు వెతికేది ఈ తేడానే.

చైనాలోని జౌకౌడియన్ గుహలో హోమో ఎరెక్టస్ మానవులు నిప్పు వాడారని చాలాకాలం పాఠ్యపుస్తకాలు రాశాయి. అక్కడి నల్లని పొరల్లో కట్టె బూడిద ఆనవాళ్లు లేవని 1998లో వెలువడిన పరిశోధన తేల్చింది. కాలిన ఎముకలు ఉన్నాయి కనుక చర్చ మాత్రం ఆగలేదు. దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహ సాక్ష్యం ఇంతకంటే బలమైనది. గుహ ముఖద్వారానికి సుమారు 30 మీటర్ల లోపల, దాదాపు 10 లక్షల ఏళ్ల నాటి పొరలో మొక్కల బూడిద, కాలిన ఎముక ముక్కలు బయటపడ్డాయి. అంత లోపలికి కార్చిచ్చు రావడం కష్టం. ఇజ్రాయెల్‌లోని గెషర్ బెనోత్ యాకోవ్‌లో దాదాపు 7,90,000 ఏళ్ల నాటి కాలిన చెకుముకి పెచ్చులు అక్కడక్కడ గుంపులుగా దొరికాయి. అయితే ఇవి నిప్పును వాడినట్లు చెబుతాయే గానీ, రాజేయడం వచ్చినట్లు చెప్పవు. అడవి మంట నుంచి కొరివి తెచ్చి, ఆరిపోకుండా కాపాడుకొని ఉండవచ్చు.

మన తెలుగు నేల మీద చూడవలసినవి కర్నూలు గుహలు. బేతంచెర్ల సమీపంలోని బిల్లసుర్గం గుహలను 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వించారు. తర్వాత 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వకాలు జరిపి, పాత రాతియుగం చివరి దశకు చెందిన ఎముక పనిముట్లను వెలికితీశారు. అక్కడే ఒక పొయ్యి కూడా బయటపడింది. దాని కాలిన మట్టిని థర్మోల్యూమినిసెన్స్ పద్ధతిలో పరీక్షిస్తే వయసు సుమారు 17,000 ఏళ్లని తేలింది.

ఈ పద్ధతి సూత్రం తేలికే. మట్టిలోని ఖనిజ రేణువులు చుట్టుపక్కల రేడియోధార్మికత వల్ల శక్తిని నిల్వ చేసుకుంటూ ఉంటాయి. మట్టి బాగా కాలితే ఆ నిల్వ ఖాళీ అవుతుంది, మళ్లీ మొదటి నుంచి పోగవుతుంది. ప్రయోగశాలలో ఆ మట్టిని వేడిచేసినప్పుడు వెలువడే కాంతిని కొలిచి, ఎంతకాలంగా పోగైందో లెక్కిస్తారు. కాబట్టి 17,000 అనే అంకెను మన ప్రాంతంలో నిప్పు వాడకం మొదలైన కాలంగా రాయకండి. అది ఆ పొయ్యి మట్టి చివరిసారి బాగా కాలిన కాలం.